భయములేని బడి: శ్రీ జిడ్డు కృష్ణమూర్తి

అది 1909వ సంవత్సరము. మద్రాసు మైలాపూరులోని ఒక పాఠశాల వసారాలో పదునాలుగేండ్లు నిండని బాలుడొకడు నిలుచుండెడివాడు. పాఠము అప్పగింపలేనందులకు ఉపాధ్యాయుడు బెత్తముతో కొట్టి వానిని తరగతి వెలుపలికి పంపెడివాడు. పంపి, ఆ సంగతి మరచిపోయెడివాడు. లోనికి రమ్మని పిలుచువారు లేక ఆ బాలుడు కన్నీరు తుడుచుకొనుచు ప్రొద్దుగ్రుంకువరకు అచ్చటనే నిలిచిన దినములు కలవు. ఇంచుమించు ప్రతిదినము ఇదియే తంతు. వీడు మందబుద్ధి యని బడివారు తీర్మానించిరి. వాని తమ్ముడు చురుకైనవాడు. అన్నను తమ్మునితో పోల్చి చూచుట అందరికిని అలవాటయ్యెను.

ఆ బాలుడే అనంతర కాలమున దేశదేశములు తిరిగి, యుద్ధమునకు మూలము రాజధానులలో గాక తరగతి గదులలో వెదకవలయునని చెప్పిన శ్రీ జిడ్డు కృష్ణమూర్తి. చెప్పుటయేగాక, రాయలసీమలోని ఒక రాతినేలను మొదలుకొని ఇంగ్లండు, అమెరికా దేశములవరకు పాఠశాలలు నెలకొల్పి ఆ మాటను పరీక్షకు పెట్టినవారు. నేడు శాంతివిద్య యను పేర అనేక దేశములలో పాఠ్యప్రణాళికలు వెలయుచున్నవి. ఆ పేరు వ్యాప్తిలోనికి రాక పూర్వమే తెలుగు నేలపై పుట్టిన ఒక వ్యక్తి ఆ పనికి పూనుకొనుట మన పిల్లలకు తెలియవలసిన విషయము.

కృష్ణమూర్తిగారు 1895 మే నెలలో మదనపల్లెలో జన్మించిరి. చిత్తూరు జిల్లా అప్పటి కింకను ఏర్పడలేదు. మదనపల్లె కడప జిల్లాలో నుండెను. తండ్రి నారాయణయ్యగారు పట్టభద్రులు, రెవెన్యూ శాఖలో ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజ సభ్యులు. తల్లి సంజీవమ్మగారు. ఎనిమిదవ సంతానమగుటచే కృష్ణుని పేరు పెట్టిరి. పసితనముననే చలిజ్వరము పట్టి ఏండ్ల తరబడి పీడించుటచే చదువు సరిగా సాగలేదు. బిచ్చమునకు వచ్చినవారికి పంచుమని తల్లి బియ్యమిచ్చి పంపగా, మొదట నిలిచినవాని జోలెలోనే అంతయు పోసివేసి మరల బియ్యము కొరకు లోనికి వచ్చెడివాడట. బడికి తీసికొనిపోయిన పలకయు బలపమును తనకన్న పేదవాడైన తోటిపిల్లవాని కిచ్చి వట్టిచేతులతో తిరిగివచ్చెడివాడట. దాసోహమును ఇంటి ధర్మముగా నెంచు కుటుంబములకు ఇట్టి గుణము క్రొత్తది కాదు. ఆ వయస్సున నుండుట మాత్రము అరుదు. 1905లో తల్లి గతించెను. పదియేండ్ల పిల్లవానికి ఆ లోటు తీరలేదు.

తండ్రి ఉద్యోగవిరమణానంతరము 1909 జనవరిలో కుమారులతో అడయారునకు చేరి దివ్యజ్ఞాన సమాజమున పనిలో కుదిరిరి. ఆ దినములలోనే పైన చెప్పిన బెత్తపు చదువు నడచెను. ఆ యేటనే అడయారు సముద్రతీరమున ఆడుకొనుచున్న ఈ బాలుని లెడ్‌బీటరు దొర చూచి, ఇతడు జగద్గురువు కాదగినవాడని నిర్ణయించిరి. ఉన్నట్టుండి దశ మారెను. బడి మాన్పించి అన్నదమ్ముల నిరువురను సమాజములోనే చదివించిరి. 1911లో ఆ బాలుని అధిపతిగా నుంచి తూర్పు నక్షత్ర సంఘము స్థాపింపబడెను. ఆ సంవత్సరముననే అనీబిసెంటు అమ్మగారు ఇరువురిని ఇంగ్లండునకు తోడ్కొనిపోయిరి. నారాయణయ్యగారు తమ పిల్లలను తమ కప్పగింపవలసినదని 1912లో దావా వేయగా, మద్రాసు ఉన్నత న్యాయస్థానము 1913లో తండ్రికి అనుకూలముగా తీర్పు చెప్పెను. 1914లో లండనులోని ప్రీవీ కౌన్సిలు ఆ తీర్పును త్రోసిపుచ్చెను. పిల్లలు తండ్రి కందకుండిరి. ఈ ఘట్టమున ఎవరి పక్షము ధర్మమో నిర్ణయించుట కష్టము. తండ్రి బాధ మాత్రము నిజమైనది.

ఇంగ్లండునను పరీక్షలు కృష్ణమూర్తిగారికి అచ్చిరాలేదు. విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలో పలుమార్లు తప్పిరి. మాతృభాషయైన తెలుగును క్రమముగా మరచిరి. ఆపై జీవితమంతయు ఆంగ్లముననే ఉపన్యసించిరి. తెలుగు పుట్టుక పుట్టి, తెలుగు పిల్లల నడుమ కూర్చుండి ఆంగ్లమున మాటలాడవలసివచ్చుట విచారింపదగినదే. 1925 నవంబరులో ప్రాణసమానుడైన తమ్ముడు నిత్యానంద అమెరికాలోని ఓహాయిలో క్షయవ్యాధిచే మరణించెను. అన్న అప్పుడు ఓడలో స్వదేశమునకు ప్రయాణించుచుండిరి. ఆ వార్త సముద్రము మీదనే అందెను. తమ్ముడు జీవించునని మహాపురుషులు మాట ఇచ్చిరని నమ్మియుండిన హృదయమున ఏదియో తెగిపోయెను.

1929 ఆగస్టు 3వ తేదీన హాలండులోని ఓమెనులో, మూడువేలమందికి పైగా సభ్యులు వినుచుండగా, తన కొరకు ఏర్పడిన సంఘమును కృష్ణమూర్తిగారే రద్దుగావించిరి. సత్యమునకు సంఘమార్గము లేదనియు, శిష్యులు తనకు వలదనియు ప్రకటించిరి. కానుకగా వచ్చిన కోటను, వేలాది ఎకరముల భూమిని దాతకే తిరిగి ఇచ్చివేసిరి. అష్టావరణములలో గురువునకు ప్రథమస్థాన మొసగు కుటుంబములకు వారి మాట మింగుడుపడుట కష్టము. ఏ గురువునకును వారు మినహాయింపు నీయలేదు. చదువరి అంగీకరింపవలయునను నిర్బంధము లేదు. కాని తన క్రింద వేసిన పీఠమునే మొదట తొలగించుకొన్నవాని మాటకు ఒక బరువున్నదనుట కాదనరానిది.

పీఠమును విడిచిరి గాని బడిని విడువలేదు. సంఘము రద్దగుటకు మునుపే, 1925-26 ప్రాంతమున, స్వస్థలమైన మదనపల్లె చేరువను ఒక విద్యాకేంద్రమునకు తగిన స్థలము వెదకిరి. మదనపల్లెకు విద్యాభిమానము క్రొత్తది కాదు. 1915లో అనీబిసెంటు పేర కళాశాల వెలసిన పట్టణమది; 1919లో రవీంద్రనాథ ఠాకూరు ఆ కళాశాలలో విడిదిచేసి, జనగణమన గీతమునకు ఆంగ్లానువాదము చేసినదియు అచ్చటనే. ఆ పట్టణమునకు కొంతదూరమున, ఋషికొండ నీడలో, కొండలచే చుట్టబడిన లోయ యొకటి కనబడెను. పూర్వము ఋషులు తపస్సు చేసిన తావని జనులు చెప్పుకొనెడివారు. లోయలో ఒక మహావటవృక్షము తప్ప చెప్పుకొనదగిన నీడ లేదు. వాన తక్కువ, రాతినేల, బోడికొండలు. ఆ భూమినే కొనిరి. మద్రాసు గిండీలో నడచుచుండిన పాఠశాల 1931 ప్రాంతమున ఇచటికి తరలివచ్చెను. జి.వి. సుబ్బారావుగారు తొలి ప్రధానాచార్యులై, పూరిపాకల దశనుండి దానిని నిలబెట్టిరి. ఆ పాఠశాలయే రిషివ్యాలీ. కాశీలో గంగాతీరమున రాజఘాట్‌నందు మరియొక విద్యాసంస్థ వెలసెను.

రెండవ ప్రపంచయుద్ధకాలమున కృష్ణమూర్తిగారు ఓహాయిలోనే యుండిపోయిరి. యుద్ధమునకు ఏ పక్షమునను సమ్మతి తెలుపనందున 1940 తరువాత కొన్ని సంవత్సరములు బహిరంగోపన్యాసములు మానవలసివచ్చెను. ఆ కాలమున ఆవులను పాలుపితుకుట, కూరగాయలు పండించుట వారి దినచర్య. యుద్ధము ముగిసెను. రెండు నగరములను భస్మము చేసిన బాంబును తయారుచేసినవారు చదువురానివారు కారు. ప్రపంచమున మేటి విశ్వవిద్యాలయములలో మొదటి తరగతిన నిలిచినవారు. చదువు పెరిగినకొలది క్రూరత్వము తరుగునను నమ్మకము అచ్చటితో చెదరిపోవలసినది. 1945లో ఐక్యరాజ్యసమితికి అనుబంధముగా యునెస్కో ఏర్పడినపుడు, యుద్ధము మనుష్యుల మనస్సులలో మొదలగును గావున శాంతికి రక్షణయు మనస్సులలోనే కట్టవలయునను భావమును ఆ సంస్థ తన శాసనముననే చేర్చుకొనెను. కృష్ణమూర్తిగారు అంతకు ముందునుండియు ఈ దారిననే ఆలోచించుచుండిరి. కాని వారి ప్రశ్న మరికొంత లోతైనది. మనస్సులో యుద్ధమును మొదట నాటుచున్నదెవరు?

1947లో స్వదేశమునకు తిరిగివచ్చిన పిమ్మట ఈ ప్రశ్నను ఉపాధ్యాయుల ముందుంచిరి. 1953లో విద్యను గూర్చి, జీవితార్థమును గూర్చి వారి గ్రంథము వెలువడెను. అందు విద్యకును ప్రపంచశాంతికిని గల సంబంధమునకు ప్రత్యేకముగ ఒక అధ్యాయము కలదు. వారి వాదమును సామాన్యముగా చెప్పవలెనన్న ఇట్లుండును. ఒక పిల్లవానిని మరియొకనితో పోల్చి, నీవు వానివలె లేవని చెప్పిన క్షణముననే స్పర్ధ పుట్టును. స్పర్ధ వెంట ఓడిపోదునేమో యను భయము వచ్చును. భయపడినవాడు తనకన్న బలహీనుని భయపెట్టును, లేదా బలవంతుని నీడ జేరును. ఒక తరగతి గదిలో మార్కుల కొరకు జరుగునది, అంగడిలో లాభము కొరకును, దేశముల మధ్య ఎల్లల కొరకును జరుగును. పరిమాణము వేరు, స్వభావ మొకటి. మా దేశమే గొప్పది, మా మతమే గొప్పది, మా కులమే గొప్పదని చరిత్ర పుస్తకము ద్వారా నూరిపోసి, అటు పిమ్మట ఏడాదికొకసారి శాంతిదినము జరుపుట వారి దృష్టిలో వ్యర్థము. శాంతి యనునది గణితము, భూగోళము వలె కాలనిర్ణయ పట్టికలో ఒక గంట కేటాయించి బోధింపదగిన పాఠ్యవిషయము కాదు. బహుమానమునకు ఆశపడకయు, దండనకు జంకకయు పిల్లవాడు గణితమునే నేర్చుకొన్నచో, ఆ గణితపు తరగతియే శాంతివిద్య.

అందుచే వారు పిల్లలకన్న ముందు ఉపాధ్యాయునే పట్టుకొనిరి. కోపము, ఆశ, కులగర్వము తనలో నుంచుకొని పిల్లలకు శాంతిని బోధింపబూనిన ఉపాధ్యాయుని మాటను పిల్లలు వినరు. వాని ముఖమును చూచి నేర్చుకొందురు. కావున విద్య ఉపాధ్యాయునితో మొదలుగావలెనని వారి సిద్ధాంతము. బెత్తమును తీసివేయుట సులభము. బెత్తము చేసిన పనిని కంటిచూపుతోను, ఎత్తిపొడుపు మాటతోను, ప్రగతిపత్రముతోను చేయుట మానుకొనుట కష్టము. బడిలో పనిచేయువారందరు ఎరిగిన సత్యమిది. నలువదిమంది పిల్లలు, ముగింపవలసిన పాఠ్యభాగము, తలమీద పరీక్షలు గల ఉపాధ్యాయునకు ఈ సిద్ధాంతము అందని పండుగా తోచుట సహజము. కృష్ణమూర్తిగారు ఆ ఇబ్బందిని ఎరుగనివారు కారు; తరగతిలో పిల్లలు తక్కువగా నుండవలయునని వారు పట్టుపట్టుటకు కారణమిదియే. దేశమంతటను అది ఎట్లు సాధ్యమను ప్రశ్నకు మాత్రము వారి గ్రంథములలో సంతృప్తికరమైన సమాధానము దొరకదు.

రిషివ్యాలీలో ఈ భావములు నడవడిగా మారుటకు కాలము పట్టెను. 1950లో పియర్సు అను ఆంగ్లేయ విద్యావేత్త ప్రధానాచార్యులై వచ్చి 1958 వరకు పనిచేసిరి. పాఠశాల ఆ కాలమున స్థిరపడెను. పిల్లలకు దెబ్బలు లేవు, మొదటివాడు కడపటివాడు అను వరుస లేదు. సాయంకాలమున పిల్లలును పెద్దలును ఒక గుట్టపై చేరి, ప్రొద్దుగ్రుంకుట చూచుచు మాటలేక కూర్చుండు ఆచార మొకటి కలదు. దానికి అస్తాచలమని పేరు. మంత్రము లేదు, ఉపన్యాసము లేదు; ఊరక చూచుట మాత్రమే. బోడికొండలపై చెట్లు నాటిరి, వాననీటికి అడ్డుకట్టలు వేసిరి. క్రమముగా పచ్చదనము వచ్చెను, పక్షులు చేరెను. సంవత్సరాంతమున కృష్ణమూర్తిగారు వచ్చి పిల్లల నడుమ కూర్చుండెడివారు. భయమన నేమి, అసూయ ఎందులకు పుట్టును, పెద్దలు చెప్పినదెల్ల నమ్మవలెనా అని పిల్లలే అడిగెడివారు. వారు సమాధానము చెప్పుటకన్న ప్రశ్నను మరల పిల్లల ముందుంచి, కలిసి వెదకుటకే ఇష్టపడెడివారు. రిషివ్యాలీ, రాజఘాట్ పిల్లలతోను ఉపాధ్యాయులతోను జరిపిన ఆ సంభాషణలు 1974లో గ్రంథరూపమున వెలువడెను.

లోపములు లేవా? కలవు. పరీక్షలను నిరసించిన బడి పిల్లలును చివరకు ప్రభుత్వము గుర్తించిన పరీక్షకే కూర్చుండవలసివచ్చెను. వసతిగృహము గల ఆ విద్య వ్యయముతో కూడినది. కలవారి పిల్లలకే ఎక్కువగా అందెను. కొండ కీవల బడిలో పోలిక వలదని బోధించుచుండగా, కొండ కావల ఊరిలోని పిల్లవాడు పలకయే లేక మేకల వెంట తిరుగుచుండెను. శాంతి కొందరి పిల్లల సొత్తు కాజాలదు గదా! ఈ ప్రశ్న లోపలివారినే బాధించెను. రిషివ్యాలీలో అధ్యాపకులుగా నుండిన డేవిడ్ హార్స్‌బర్గ్ దొర బయటికి వచ్చి, 1972లో కర్ణాటకములోని కోలారు జిల్లా పల్లెపట్టున నీల్‌బాగ్ అను చిన్న బడి పెట్టి, తెలుగు మాటలాడు గ్రామీణుల పిల్లలకు చదువు చెప్పెను. అన్ని వయస్సుల పిల్లలు ఒకే చోట కూర్చుండి, ఎవరి వేగమున వారు నేర్చుకొను పద్ధతి అది. పరీక్ష లేదు, పోలిక లేదు, శిక్ష లేదు. మైలాపూరు వసారాలో నిలిచిన పిల్లవానికి కావలసియుండిన బడి బహుశః అదియే.

హైదరాబాదు నగరమునను 1961లో శాంతా రామేశ్వరరావుగారు కృష్ణమూర్తిగారి భావములచే ప్రేరితులై విద్యారణ్య పాఠశాలను స్థాపించిరి. విదేశములలో 1969న ఇంగ్లండులోని బ్రాక్‌వుడ్ పార్కునందును, 1975న ఓహాయిలోని ఓక్ గ్రోవునందును పాఠశాలలు వెలసెను. 1978లో బెంగుళూరు చెంత మరియొకటి వెలసెను. ఒక దేశపు బడి మరియొక దేశపు బడిని ఎరుగకుండ పోరాదని, 1978 సెప్టెంబరు నుండి అన్ని పాఠశాలలకు కలిపి లేఖలు వ్రాయుట మొదలిడిరి. తొలుత పక్షమునకొక లేఖ. అప్పటికి వారికి ఎనుబదిమూడేండ్లు. ఇన్ని చేసియు సంతృప్తి లేదు. ఇన్ని సంవత్సరములలో భయమునుండి నిజముగా విముక్తుడైన వాడొక్కడైన తేలెనా అని తమ బడుల ఉపాధ్యాయులనే నిలదీసెడివారు. స్థాపకుడే తన సంస్థలను ఇట్లు ప్రశ్నించుట లోకమున తరచు కానరాదు.

1985 ఏప్రిల్ 11వ తేదీన న్యూయార్కులోని ఐక్యరాజ్యసమితి భవనమున వారు ప్రసంగించిరి. 1984వ సంవత్సరపు శాంతిపతకమును ఆ సందర్భముననే వారికి సమర్పించిరి. సమితి ఏర్పడి నలువదియేండ్లు కావచ్చిన సమయమది. అభినందనములు పలుకుటకు మారుగా, దేశములుగా విడిపోయి కూర్చున్నవారు ఐక్యతను ఎట్లు సాధింతురని వారడిగిరి. సభ యంతయు దేశముల ప్రతినిధులకై కట్టిన భవనములోనిదే!

ఆ సంవత్సరము డిసెంబరులో కడసారి రిషివ్యాలీకి వచ్చిరి. ఇంగ్లండు, అమెరికా పాఠశాలల ఉపాధ్యాయులును అప్పుడచట సమావేశమైరి. దేహము చిక్కిపోవుచున్నను వారితో చర్చించుట మానలేదు. 1986 జనవరిలో మద్రాసున చివరి ఉపన్యాసములు ముగించి ఓహాయి చేరిరి. ఫిబ్రవరి 17వ తేదీన, క్లోమగ్రంథికి సోకిన పుట్టకురుపు వ్యాధిచే, తొంబదియొకటవ యేట కన్నుమూసిరి. తమ వెనుక వారసుని నియమింపలేదు. చితాభస్మము ఓహాయి, ఇంగ్లండు, భారతదేశములకు మూడుపాళ్లుగా పంచబడెను.

పల్లెపిల్లల ప్రశ్నకు సమాధానము వారి అనంతరమున కొంతవరకు రూపుదాల్చెను. రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రము వారు చుట్టుపట్ల పల్లెలలో ఒక్కొక్క ఉపాధ్యాయుడు నడుపు చిన్న బడులను పెంపొందించిరి. పాఠ్యపుస్తకమును చిన్నచిన్న అట్టలపై పాఠములుగా విడగొట్టి, వానిని మెట్ల వరుసగా నమర్చిరి. పిల్లవాడు తన మెట్టు తానే గుర్తించి, ఆ అట్ట తీసికొని కూర్చుండును. జ్వరము వచ్చి పదిదినములు బడి మానినవాడు తిరిగివచ్చినపుడు, తాను ఆగినచోటనే మరల మొదలిడును. వెనుకబడితివను మాట వానికి వినబడదు. ఊరి తల్లులు చెప్పు కథలును చదువులో చేరినవి. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటలో ప్రారంభమైన నలికలి పద్ధతికి కర్ణాటక ఉపాధ్యాయులు ఇచటికి వచ్చి చూచినదే ఆధారము. 2003లో మద్రాసు నగరపాలక పాఠశాలలును, 2007 నాటికి తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలును ఇట్టి పద్ధతినే చేపట్టెను. జర్మనీ దేశపు విద్యాశాస్త్రజ్ఞులును వచ్చి ఈ మెట్ల విధానమును పరిశీలించి తమ బడులలో ప్రయోగించిరి. ఆ అట్టలు మొదట తయారైనది తెలుగులో, మదనపల్లె ప్రాంతపు పిల్లల కొరకు.